వెల్డింగ్ షెడ్డులో చుక్కల సీసా

కంటి పరీక్షకు వచ్చేవాళ్ళను చూస్తే నాకు సగం రోజులు ఒళ్ళు మండుతుంది. ముందురోజే ఫోన్ చేసి చెబుతాను. పాత కళ్ళద్దాలు ఉంటే తెండి, కంట్లో ఏది వేస్తున్నా ఆ సీసా తెండి, కాటుక పెట్టుకోకండి, ఇంట్లో ఎవరికైనా కంటి జబ్బు ఉందేమో కనుక్కుని రండి, తోడుగా ఒక మనిషిని పిలుచుకు రండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే మూడు నాలుగు గంటలు ఎదుటిది మసకగా ఉంటుంది, బండి మాత్రం తోలకండి అని కూడా చెబుతాను. అన్నిటికీ ఊ కొడతారు. మర్నాడు చూస్తే సాఫ్ట్‌వేర్ అబ్బాయి బైకు తాళం వేలికి తిప్పుకుంటూ వస్తాడు. పెద్దావిడ అద్దాలు ఇంట్లో పెట్టి వస్తుంది, ఎలాగూ కొత్తవి రాస్తారు కదమ్మా అంటుంది. ఇంకొకాయన వరుసలో ముందున్నవాడు చదివే అక్షరాలు విని బట్టీ పట్టి, తన వంతు రాగానే గడగడా అప్పజెప్పేస్తాడు. ఎవరిని మోసం చేస్తున్నావయ్యా అంటే నవ్వుతాడు.

చుట్టూ కన్నడం మాట్లాడే కుందలహళ్ళిలో చిన్న కంటి ఆసుపత్రి మాది. పందొమ్మిదేళ్ళుగా అక్కడే ఉన్నాను. పేరుకు అటెండర్ని. టోకెన్ పిలవడం, చుక్కలు వేయడం, ఫీల్డ్ మిషన్ దగ్గర కూర్చోవడం నా పనులు. మా డాక్టర్ ఫర్హానా కర్నూలు మనిషి. వచ్చిన కొత్తలో నా తెలుగు విని, "నంజమ్మా, మీది ఏ ఊరు?" అని అడిగింది. "ఏ ఊరేంది డాక్టరమ్మా, నేను హూడిలోనే పుట్టినా, మా తాత గూడా ఆడనే పుట్టినాడు" అన్నాను. అప్పటి నుంచి తెలుగు మాట్లాడే పేషెంట్లందరినీ నా దగ్గరికే తోస్తారు. ఓబులేసు కూడా అలాగే నా చేతికి వచ్చాడు.

ఆ సోమవారం ఆసుపత్రి కిటకిటలాడుతోంది. ఆదివారం నేను సెలవు కాబట్టి ఎవరికీ ఫోన్లు చేయలేదు. ఓబులేసు నా ఫోన్ అందకుండానే నేరుగా వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, బక్కపలచన, చేతుల నిండా నిప్పురవ్వలు పడి కాలిన చిన్న చిన్న మచ్చలు. ఇస్త్రీ చొక్కా, తాజాగా గీసిన గడ్డం, నూనె పెట్టి దువ్విన తల. పెళ్ళిచూపులకు వచ్చినట్టు వచ్చాడు. పక్కన పదేళ్ళ కూతురు రంజిత, స్కూలు యూనిఫాంలోనే, అతని చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. తల్లి సుంకమ్మ బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంట్‌లో మెట్లు ఊడ్చే పనిలో ఉంది, సెలవు దొరకలేదట. అందుకని పిల్ల బడి మానేసి తోడు వచ్చింది.

"ఏం పని చేస్తావప్పా?" అని అడిగాను.

"వెల్డింగ్ అక్కా. హూడిలో షెడ్డు. గేట్లు, కిటికీ గ్రిల్లులు."

నేను అతని కళ్ళలోకి చూశాను. పందొమ్మిదేళ్ళలో నేను చూసిన వెల్డింగు వాళ్ళందరి కళ్ళూ మిరపకాయల్లా ఉంటాయి. ఇతనివి పాలలా ఉన్నాయి. పిల్ల కళ్ళు కూడా అంతే, మెరిసిపోతున్నాయి.

"ఏమప్పా, వెల్డింగోని కండ్లు ఇంత తెల్లగా ఉండాయే! నీ కూతురివీ అంతే. ఏం తింటారు మీ ఇంట్లో?" అని ఎగతాళి చేశాను. అతను సిగ్గుపడి నవ్వాడు. పిల్ల కూడా నవ్వింది. "అవ్వా, మా టోకెన్ ఇరవై మూడు" అంది. అప్పుడే అవ్వనైపోయానా అని దాని చెవి మెలిపెట్టాను. వింతగా ఉందే అని మనసులో ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. వెనక వరుసలో వాళ్ళు అరుస్తున్నారు. "మందులేమన్నా వాడతాండావా?" అని అడిగాను. "ఏమీ లేదక్కా" అన్నాడు. లేదు అని రాసేశాను. కంట్లో ఏది వేసినా సీసా చూపించమని రోజూ అందరికీ చెప్పే నేను, ఆ రోజు ఆ మాట అడగలేదు.

అతను ఎందుకు వచ్చాడో చెప్పాలి. కదిరి పక్క పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళకు వచ్చాడు. మొదట కట్టడాల దగ్గర కమ్మీలు వంచాడు, తరువాత వెల్డింగ్ నేర్చుకున్నాడు. హూడిలో సగం ఇళ్ళ కిటికీలకు అతని చేతి గ్రిల్లులే. మా ఇంటి గేటు కూడా అతని షెడ్డులో చేసిందేనని తరువాత తెలిసింది. ఏడాదిగా పక్కన ఉన్న వస్తువులకు తగులుకోవడం మొదలైంది. గడపకు, స్కూటర్లకు, నిలబెట్టిన ఇనుప పైపులకు. అన్నం తింటూ పక్కనున్న చెంబు తన్నేసేవాడు. తాగి వస్తున్నాడని సుంకమ్మ గొడవ పెట్టుకుంది. షెడ్డు ఓనరు కూడా అదే అనుకున్నాడు. ఒకరోజు పక్క నుంచి వస్తున్న మనిషికి చూసుకోక కాలిన రాడ్డు అంటించబోయాడు. "తాగలేదంటావు గదా, అయితే కండ్ల డాక్టరు దగ్గర చీటీ తే. కండ్లు బాగుండాయని రాసిస్తేనే వెల్డింగ్ హోల్డర్ పట్టుకో, లేకుంటే వద్దు" అని ఓనరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఓబులేసుకు కావలసింది ఆ చీటీ. పరీక్ష పాస్ కావాలని వచ్చాడు.

బోర్డు మీద అక్షరాలు చదివించాను. ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి అంకెల బోర్డు పెట్టాను. చివరి వరుస దాకా తడుముకోకుండా చదివాడు. నా వైపు తిరిగి, "చూస్తివా అక్కా, కండ్లకు ఏం కాలేదు" అన్నాడు. కన్నడ రాజ్యోత్సవం పండగనాడు పెట్టిన కంటి క్యాంపులో కూడా ఇలాగే చదివాడట, వాళ్ళు బాగుందని చెప్పి పంపేశారట. తరువాత కంట్లో ఒత్తిడి చూశాం. ఇరవై దాటితే మేము భయపడతాం. అతని కుడికన్ను నలభై నాలుగు, ఎడమకన్ను ముప్పై ఎనిమిది. మిషన్ చెడిపోయిందేమోనని మూడుసార్లు చూశాను.

డాక్టరమ్మ అతన్ని ఫీల్డ్ మిషన్‌కు పంపింది. అది పెద్ద తెల్ల గిన్నె లాంటి మిషన్. గడ్డం ఆనించి ఒక కన్ను మూసి, నడిమధ్య పసుపు దీపం వైపే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న తెల్ల చుక్క వెలిగి ఆరిపోతుంది. కనిపిస్తే చేతిలో మీట నొక్కాలి. నొక్కితే టక్‌మని చప్పుడు. ముందున్న అక్షరాలు చదవడానికి నడిమి చూపు చాలు. చుట్టుపక్కల చూపు పోయిందో లేదో ఈ మిషనే చెప్తుంది.

ఓబులేసు టక టక టక టక నొక్కుతూనే ఉన్నాడు. చుక్క వెలిగినా నొక్కుతున్నాడు, వెలగకపోయినా నొక్కుతున్నాడు. నా తెర మీద అన్నీ తప్పు గుర్తులు పడుతున్నాయి.

"ఏందప్పా ఇది, పిల్లోళ్ళ ఆట అనుకుంటివా?" అని కసిరాను.

"ఎక్కువ నొక్కితే మంచిది గదా అక్కా?"

"మంచిదీ లేదు, మట్టీ లేదు. నీకు మార్కులు ఎవురూ వేయరు. కనిపిస్తేనే నొక్కు. కనపడకపోతే గమ్మునుండు."

రెండోసారి అతను నిజాయితీగా చేశాడు. చాలాసేపు గమ్మునున్నాడు. తెర మీద కుడికంటి బొమ్మ దాదాపు మొత్తం నల్లగా వచ్చింది, నడుమ కొంచెం తెల్లది మిగిలింది. ఎడమకంటిలో సగానికి పైగా నలుపు. అతను ప్రపంచాన్ని గొట్టంలోంచి చూస్తున్నాడు, అంతే. అందుకే గడపకు తగిలేవాడు. తాగుడు లేదు, పాడూ లేదు.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. కంటిలో ఒత్తిడి పెరిగి, కంటి నుంచి మెదడుకు పోయే నరం ఎండిపోయిందని, పోయింది మళ్ళీ రాదని, మిగిలింది కాపాడుకోవాలని. "స్టెరాయిడ్ చుక్కలు ఏమైనా వేశావా?" అని కూడా అడిగింది. ఆ మాట అతనికి ఎలా తెలుస్తుంది? తల అడ్డంగా ఊపాడు. ఆమె కూడా లేదు అనే రాసుకుంది. ఒత్తిడి తగ్గించే చుక్కలు రెండు రకాలు రాసిచ్చింది.

"మరి చీటీ మేడం?" అన్నాడు ఓబులేసు.

"ఏ చీటీ?"

"కండ్లు బాగుండాయని."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పిల్ల వైపు చూశాను. ఆ పిల్ల ప్రిస్క్రిప్షన్ మీద రాసింది కూడబలుక్కుంటూ చదువుకుంటోంది. ఉదయం ఎన్ని, రాత్రి ఎన్ని అని నన్ను రెండుసార్లు అడిగి తన నోట్‌బుక్కులో కన్నడంలో రాసుకుంది.

తరువాత మూడు నెలలు నాకు తలనొప్పి. నెలకోసారి వస్తాడు, ఒత్తిడి చూస్తాను. నలభై, నలభై రెండు, నలభై ఒకటి. చుక్కలు వేస్తే పదిహేనుకో ఇరవైకో రావాలి. డాక్టరమ్మ ఒక మందు మార్చింది, ఇంకొకటి కలిపింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడోసారి ఆమె కూడా విసుక్కుంది. "నిజంగా వేస్తున్నావా ఓబులేసూ?" అంది. బయటికి వచ్చాక నేను మరీ మాట తూలాను. "సీసాలు కొని దేవుని పటం ముందర పెట్టుకుంటాండావా? గుడ్డోనివయితే నీ పిల్లకు ఎవురప్పా దిక్కు?" అన్నాను. సుంకమ్మ ఆ రోజు వెంట వచ్చింది. పొడుగు మనిషి, పెద్ద గొంతు. నా మీదికి లేచింది.

"అక్కా, నేను ఫోన్‌లో అలారం పెట్టి వేస్తాండా. పొద్దున్నా, రాత్రీ, నా చేతులతోనే. నా బిడ్డ మీద ఒట్టు. మావోన్ని అనొద్దు."

నేను నమ్మలేదు. ఇలాంటి ఒట్లు చాలా విన్నాను. ఆ ఇద్దరూ నిజమే చెబుతున్నారని అప్పుడు నాకు తెలియదు. కంటి నరం మీద ఒత్తిడి అలాగే ఉంటే ఎడమకన్ను కూడా ఏడాదిలో పోతుందని, పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కు రాసిస్తానని డాక్టరమ్మ చెప్పింది. వాళ్ళు కాగితం పట్టుకుని వెళ్ళిపోయారు. ఓబులేసు గడప తగిలి ముందుకు తూలాడు. సుంకమ్మ పట్టుకుంది.

ఆపరేషన్‌కు పదిరోజులు ఉందనగా మా ఇంటి గేటు మడతబందు విరిగింది. ఆ బందు పట్టుకుని రైలు గేటు అవతల ఉన్న షెడ్డుకు పోయాను. అక్కడ ఓబులేసు ఉన్నాడు. వెల్డింగ్ చేయనివ్వడం లేదు, కిటికీ చువ్వలకు ఎర్ర పెయింటు పూస్తున్నాడు. రెండడుగుల దూరంలో ఇంకొకడు షీల్డు పెట్టుకోకుండా, ముఖం పక్కకు తిప్పి ఒక కన్ను మూసుకుని చటుక్కున అతుకు వేస్తున్నాడు. నీలం వెలుగు చటుక్కున మెరిసి ఆరుతోంది. అద్దం వెనక నుంచి చూస్తే కొలత తప్పుతుందని వీళ్ళందరూ ఇలాగే చేస్తారు. అన్నేళ్ళు ఓబులేసు కూడా ఇలాగే చేశాడు.

"రా అక్కా, కూర్చో" అని స్టూలు తుడిచాడు. అతని కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. మేమిచ్చిన చుక్కలకు ఎర్రబడతాయి, అది మామూలే. మాట్లాడుతూనే స్తంభం దగ్గరికి పోయాడు. స్తంభానికి కొట్టిన మేకుకు బైండింగ్ వైరుతో ఒక చిన్న సీసా వేలాడుతోంది. దాని పక్కనే గ్రైండింగ్ చక్రాలు, తీగ బ్రష్షు, గ్రీసు డబ్బా. సీసా తీసి, తల పైకెత్తి, ఒక్కో కంట్లో రెండేసి చుక్కలు వేసుకున్నాడు. కళ్ళు మూసి తెరిచి, మళ్ళీ మేకుకు తగిలించబోయాడు.

నేను స్టూలు మీంచి లేచాను.

"ఓబులేసూ, ఏందప్పా అది?"

"ఇదా అక్కా? కండ్ల చుక్కలు. షెడ్డువి."

"షెడ్డువంటే?"

"అందరివీ. వెలుగు కొట్టినపుడు కండ్లల్లో ఇసుక పోసినట్ల మండుతాయి గదా, రెండు చుక్కలేసుకుంటే తెల్లారేసరికి తెల్లగయితాయి. అయిపోతే ఎవురో ఒకరం మెడికల్ షాపులో తెస్తాం. చీటీ గీటీ ఏం అడగరు."

"నువ్వు ఎన్నేండ్ల నుంచి వేస్తాండావు?"

"ఎనిమిదో తొమ్మిదో ఉంటాది."

నేను సీసా లాక్కున్నాను. అద్దాలు పెట్టుకుని దాని మీద చిన్న అక్షరాలు చదివాను. ఆ పేరు నాకు తెలుసు, డాక్టరమ్మ అడిగిన స్టెరాయిడ్ చుక్కలే. ఆపరేషన్ అయినవాళ్ళకు మా డాక్టరమ్మ నాలుగు వారాలు రాస్తుంది, వారం వారం ఒత్తిడి చూస్తుంది, తరువాత ఒక్కరోజు కూడా వేయొద్దంటుంది. నాలుగు వారాల మందు ఇతను తొమ్మిదేళ్ళు వేశాడు.

"ఒరే ఓబులేసూ! మందేమన్నా వాడతాండావా అంటే లేదంటివి గదరా!" అని అరిచాను. షెడ్డులో అందరూ పని ఆపేసి చూశారు. అతను భయపడిపోయాడు.

"ఇది మందెందుకైతాది అక్కా? షెడ్డు సామాను గదా. గ్రీసు ఉండాది, సబ్బు ఉండాది, ఇదీ ఉండాది. డాక్టరు ఇచ్చింటే మందు. జబ్బు లేకున్నా వేసుకునేది మందెట్లయితాది?"

"మొదటిరోజు వచ్చినపుడు గూడా వేసుకునే వస్తివా?"

"వారం ముందు నుంచి ఎక్కువ వేసినా అక్కా. నాలుగు పూటలూ. అందరూ తాగుబోతంటాండారు గదా, ఎర్రకండ్లతో పోతే డాక్టరు గూడా అట్లే అనుకుంటాదని."

నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. గేటు బందు ఎక్కడ పడేశానో తెలియదు. మేము పొద్దున రాత్రి ఒత్తిడి తగ్గించే చుక్కలు వేయిస్తున్నాం. దానికి కళ్ళు ఎర్రబడుతున్నాయి. ఎరుపు పోవాలని అతను పగలంతా ఈ సీసా పిండుకుంటున్నాడు. దేవుడా, ఆ మనిషిని నేను అబద్ధాలకోరు అనుకున్నాను. ఆ షెడ్డులో ఉన్న ఏడుగురినీ బూతులు తిట్టాను. అందరూ ఆసుపత్రికి రాకపోతే వచ్చి షెడ్డుకు నిప్పు పెడతానన్నాను. వాళ్ళు నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఓబులేసునూ సుంకమ్మనూ ఆసుపత్రికి తీసుకుపోయాను. ఇంట్లో ఒంటరిగా వదల్లేక రంజితను కూడా తెచ్చారు. ఆ పిల్ల బయట బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. డాక్టర్ ఫర్హానా సీసాను వెలుతురులో పెట్టి చూసింది. పేరు చదివి పక్కన పెట్టింది.

"దీంతో ఎరుపు పోతుంది ఓబులేసూ. పైకి కళ్ళు తెల్లగా అందంగా ఉంటాయి. లోపల ఒత్తిడి పెరుగుతూ పోతుంది, నొప్పి తెలియదు. అది నరాన్ని చంపేస్తుంది. ఇది ఆపితే నీ ఎడమకంటిలో మిగిలిన చూపు నిలబడొచ్చు. పోయింది మాత్రం రాదు."

"నిలబడితే చాలు మేడం" అన్నాడు. అతని గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. సుంకమ్మ రెండు చేతులూ జోడించింది. ఇన్నాళ్ళకు తన మాట నిజమైందని నా వైపు చూసింది కూడా. నేను తల దించుకున్నాను.

డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ రాస్తూ మామూలుగా అడిగింది. "ఇది కొందరికి రక్తంలోనే ఉంటుంది. ఒకరికి ఇలా ఒత్తిడి పెరిగితే, వాళ్ళ పిల్లలకూ పెరిగే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఇంకెవరికైనా ఈ చుక్కలు వేశారా?"

ఓబులేసు తలుపు వైపు, బయట బెంచీ వైపు చూశాడు.

సుంకమ్మ అతని వైపు తిరిగింది. "చెప్పు. ఎవురికీ వేయలేదని చెప్పు."

అతను నేల వైపు చూస్తున్నాడు.

"పాపకు మేడం. ఎండాకాలం వస్తే కండ్లు నలుపుకుంటాది. బళ్ళో టీచరమ్మ, ఎర్రకండ్లు అందరికీ అంటుకుంటాయని ఇంటికి పంపిస్తాండె. అందుకని షెడ్డు నుంచి ఒక సీసా ఇంటికి తెచ్చి పెట్టుకుంటి."

"ఎప్పటి నుంచి?"

"రెండో క్లాసు నుంచి. మొదట ఎండాకాలమే. ఇప్పుడు రోజూ. పొద్దున వాళ్ళమ్మ పనికి పోయినాక, బడికి పోయే ముందర నేనే వేస్తా."

రంజిత ఇప్పుడు ఐదో క్లాసు.

సుంకమ్మ అరవలేదు. కుర్చీలోంచి లేచి బయటికి పోయి బెంచీ మీద కూతురి పక్కన కూర్చుని దాని తల ఒళ్ళోకి లాక్కుంది. "ఏందమ్మా, లెక్క తప్పుతాది" అని ఆ పిల్ల విసుక్కోవడం నాకు వినిపించింది. మొదటిరోజు నేను మెచ్చుకున్నది ఆ కళ్ళనే. వింతగా ఉందని తోచి కూడా అడగకుండా వదిలేసిన కళ్ళు.

అప్పటికి మిషన్లు ఆపేసే వేళ అయింది. పిల్ల అలిసిపోతే ఫీల్డ్ పరీక్ష సరిగ్గా రాదని, పొద్దున్నే మొదటి టోకెన్‌కు రమ్మని డాక్టరమ్మ చెప్పింది.

పొద్దున్నే నేను తాళం తీసేసరికి ఓబులేసు మెట్ల మీద ఉన్నాడు, కూతురితో. బండి మీద కాదు, బస్సులో వచ్చాడు. సుంకమ్మకు సెలవు దొరకలేదట. చేతిలో ఒక బట్ట సంచి. నన్ను చూడగానే అందులోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. పిల్లకు వేసే సీసా. పరుపు కిందా అటక మీదా వెతికి పట్టుకున్న ఖాళీ సీసాలు నాలుగు. స్కూల్లో డాక్టర్లు వచ్చి చూసినప్పుడు ఇచ్చిన కార్డు, అందులో చూపు బాగుందని రాసి ఉంది. ఏ నెలలో ఎన్ని చుక్కలు వేశాడో రంజిత చేత రాయించిన కాగితం. అదే కాగితంలో ఇంట్లో కంటి జబ్బు ఎవరికి ఉంది అన్నచోట ఆ పిల్ల కన్నడంలో తండ్రి పేరు రాసింది. నేను రోజూ మొత్తుకుని చెప్పేవన్నీ వరుసలో కూర్చుని విన్నట్టున్నాడు, ఒక్కటి కూడా మరిచిపోకుండా తెచ్చాడు. పందొమ్మిదేళ్ళలో అంత బాగా సిద్ధమై వచ్చినవాళ్ళను నేను చూడలేదు. నాకు ఏడుపు ఆగలేదు. వాష్‌బేసిన్ దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాను.

"అక్కా, దీనికి కాటుక గూడా పెట్టలేదు" అన్నాడు నా వెనక నుంచి.

బోర్డు మీద అక్షరాలు రంజిత కిందిదాకా చదివేసింది. చదివాక నవ్వింది. ఒత్తిడి కుడికన్ను ముప్పై ఒకటి, ఎడమకన్ను ముప్పై ఏడు. అంకెలు నేను బయటికి చెప్పలేదు, కాగితం మీద రాసి డాక్టరమ్మకు ఇచ్చాను. ఆమె పెదవి కొరుక్కుంది. ఫీల్డ్ చేయమంది.

ఆ గదిలో దీపాలు ఆర్పి, పరదా లాగి, పిల్లను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టాను. గడ్డం ఆనించాను. చిన్న చేతిలో మీట పెట్టాను.

"నడిమి పసుపు దీపమే చూడాల. పక్కన చుక్క కనిపిస్తేనే నొక్కాల. కనపడకపోతే గమ్మునుండాల. తెలిసిందా?"

"తెలిసింది అవ్వా."

ఓబులేసును బయట కూర్చోమన్నాను. కూర్చోలేదు. పరదా అవతల నిలబడ్డాడు. అతని చెప్పులు పరదా కింద కనిపిస్తున్నాయి.

మొదట కుడికన్ను. టక్. టక్. టక్. కొన్నిచోట్ల ఆగింది, మళ్ళీ టక్. చాలావరకు బాగానే వచ్చింది. పైన ఒక పక్క మాత్రం నలుపు పట్టడం మొదలైంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు ఆపితే ఈ కన్ను నిలబడుతుంది. పరదా అవతల కూడా ఒక నిట్టూర్పు వినిపించింది.

తరువాత కుడికన్ను మూసి ఎడమకన్ను మొదలుపెట్టాను. టక్. టక్. మిషన్ పైపక్క చుక్కలు వేయడం మొదలుపెట్టింది. నా తెర మీద కనిపిస్తున్నాయి. ఒకటి వెలిగింది, ఆరింది. ఇంకొకటి వెలిగింది, ఆరింది. చప్పుడు లేదు. ముక్కు వైపు ఒకటి, దాని కింద ఇంకొకటి. పిల్ల బుద్ధిగా పసుపు దీపం వైపే చూస్తోంది. వేలు మీట మీదే ఉంది. కదలడం లేదు. తెర మీద నల్ల చదరాలు ఒకదాని పక్కన ఒకటి నిండుతున్నాయి.

తెర మీది చుక్కలు ఓబులేసుకు కనిపించవు. కానీ ఆ మిషన్ ముందు అతనూ కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దం అంటే ఏమిటో నాకంటే అతనికే ఎక్కువ తెలుసు. పరదా కింద చెప్పులు ఒక అడుగు ముందుకు వచ్చాయి.

"నొక్కమ్మా" అన్నాడు మెల్లగా.

ఇంకొక చుక్క వెలిగి ఆరింది.

"నొక్కు తల్లీ. నొక్కు. ఊరికే నొక్కు."

రంజిత గడ్డం కదపకుండా, పసుపు దీపం వైపే చూస్తూ, తండ్రికి చెప్పింది.

"కనిపిస్తేనే నొక్కాల నాయనా. యాడా ఏమీ రావడం లేదు."

మిషన్ ఇంకొక చుక్క వేసింది.